అప్‌డేట్: పాత షో-బడ్ పెడల్ స్టీల్ అమ్ముడుపోయింది

పోయిన నెల అడిగా కదా, డాలస్‌లో నా దగ్గరున్న 70ల నాటి డబుల్ నెక్ షో-బడ్ (షో-బడ్ కంపెనీ పెడల్ స్టీల్, అంటే అడ్డంగా పెట్టి, కాళ్లతో పెడల్స్ తొక్కుతూ వాయించే గిటార్, దీనికి రెండు నెక్‌లు) అమ్ముదామంటే శ్రుతి పెంచే బి పెడల్ వదిలాక 6వ స్ట్రింగ్ తన అసలు స్వరం జి షార్ప్‌కి పూర్తిగా దిగట్లేదు, అలాగే అమ్మేయాలా బాగుచేయించాలా అని. సాయం చేసిన అందరికీ థాంక్స్.

చేంజర్ (పెడల్ తొక్కితే స్ట్రింగ్‌ని లాగి, వదిలితే వెనక్కి తెచ్చే భాగం) చూడమని ఇక్కడ ఒక అన్నయ్య చెప్పిందే కరెక్ట్. స్టీల్ రిపేర్ చేసే పెద్దాయన గిటార్ తిరగేసి చూపించాడు, ఏళ్ల తరబడి పోసిన నూనె చేంజర్‌లోని ఫింగర్ల (స్ట్రింగ్స్‌ని కదిలించే లోహపు ముక్కల) మధ్య తేనెలా గట్టిపడిపోయింది, నాఫ్తాతో (జిడ్డు కరిగించే ద్రావకంతో) కడిగి ఒక్కో చుక్క పల్చటి నూనె వేశాక స్ట్రింగ్ టక్కున వెనక్కి వస్తోంది. అంతకుముందు కొత్త స్ట్రింగ్స్ వేసినా తేడా రాలేదు, పికప్ (స్ట్రింగ్స్ ధ్వనిని పట్టే కాయిల్) రీవైండింగ్‌కి, పాలిష్‌కి దీనితో సంబంధమే లేదు. పాలిష్ అసలు చేయించొద్దని ఆయన గట్టిగా చెప్పాడు, పాతదనం పోతే కొనేవాళ్లు వెనకాడతారట.

బరువు వల్ల షిప్పింగ్ వద్దనుకుని దగ్గర్లో వాయించేవాళ్లకే చెప్పా. ఒకాయన వచ్చి ఈ9 నెక్ (రెండిట్లో ఈ9 ట్యూనింగ్ ఉన్నది) మీద గంటసేపు వాయించి, బి పెడల్ పదిసార్లు తొక్కి ట్యూనర్ చూసుకుని, బేరమాడకుండా 2,400 డాలర్లిచ్చాడు. రిపేర్ సంగతి ముందే చెప్పేశా, ఆయనకి అదే నచ్చింది. కారెక్కిస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంది.