పాత యానిమే డీవీడీలో దువ్వెన గీతలు, ఎలా పోగొట్టాలి?

1998 నాటి జపాన్ యానిమేషన్ సిరీస్ ‘కౌబాయ్ బీబాప్’ మళ్లీ చూస్తున్నాను. సెల్ షీట్ల (పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుల) మీద చేత్తో రంగులద్ది ఫిల్మ్ మీద తీసిన బొమ్మ, ఇప్పటికీ పాతబడలేదు. చిక్కంతా నా ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) డీవీడీతోనే. కెమెరా పక్కకు జరిగితే చాలు, అంచుల్లో దువ్వెన పళ్లలా అడ్డగీతలు.

ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ ఆపి చూశాను. ప్రతి ఐదింటిలో మూడు శుభ్రం, రెండు గీతలమయం. వేగం సెకనుకు 29.97 ఫ్రేములు. ఈ గీతలు తీసే డీఇంటర్లేస్ సెట్టింగ్‌లో ‘బ్లెండ్’ పెడితే నీడలు పడుతున్నాయి, ‘బాబ్’ పెడితే సన్నటి గీతలు వణుకుతున్నాయి. ‘యాడిఫ్’ కాస్త నయం, కానీ పదును తగ్గింది (ఈ బొమ్మకు అందమే ఆ పదును!). టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికను నునుపు చేసే సదుపాయం) ఆపినా తేడా లేదు.

పదును పోకుండా ఫిల్మ్ మీద సెకనుకు ఉండే అసలు 24 ఫ్రేములు వెనక్కి రావాలంటే, వీడియోలు మార్చే ప్రోగ్రాం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఏ ఫిల్టర్లు, ఏ వరుసలో వాడాలి?