సాహస నవలల సిరీస్‌లు సినిమాలైతే ఎందుకు ముందుకు సాగవు?

గోదారిగట్టు:
క్లైవ్ కస్లర్ రాసిన, డర్క్ పిట్ హీరోగా ఉన్న నవలలు ఇష్టపడేవాళ్లకు 2005లో వచ్చిన ‘సహారా’ సినిమా ఇప్పటికీ మనసులో ముల్లే. మాథ్యూ మెకానహే, పెనెలోపి క్రూజ్ నటించారు. ఖర్చు 13 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచమంతా ఆడితే వచ్చిన వసూళ్లు 12 కోట్లలోపే. రచయితా నిర్మాతలూ కోర్టుకెక్కారు, సినిమాల సిరీస్ అక్కడే ఆగిపోయింది.

నటులు కుదరలేదనీ, కథను పాడుచేశారనీ చాలామంది అంటారు. నాకు అసలు కారణం వేరే అనిపిస్తుంది. ‘సహారా’ ఆ వరుసలో 11వ పుస్తకం. మొదటిది 1973లో వస్తే ఇది 1992లో వచ్చింది. పిట్, అతని నేస్తం జియోర్డినో చావు అంచున నిలబడి ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే మనం నవ్వుతాం. ఎందుకంటే ఆ సరికే పుస్తకం తర్వాత పుస్తకంలో వాళ్ల స్నేహం చూసి ఉన్నాం. టిక్కెట్టు కొని వచ్చినవాడికి మాత్రం వాళ్లు ముక్కూమొహం తెలియని ఇద్దరు మనుషులు.

‘మాస్టర్ అండ్ కమాండర్: ద ఫార్ సైడ్ ఆఫ్ ద వరల్డ్’ (2003) సంగతి ఇంకా బాధ. ప్యాట్రిక్ ఓబ్రియన్ పూర్తిచేసిన 20 నవలల్లో మొదటిదాని పేరూ, 10వ దాని పేరూ, వేర్వేరు నవలల్లోంచి ఏరిన సంఘటనలూ కలిపి పీటర్ వియర్ తీశాడు. 10 ఆస్కార్ నామినేషన్లు, 2 అవార్డులు. తెరచాప ఓడల మీద అంతకన్నా మంచి సినిమా నేను చూడలేదు. దానికీ రెండో భాగం రాలేదు. సిరీస్‌ను మధ్యలోంచి ఎత్తుకుంటే పాత్రల మీద మమకారం పుట్టదు. నా వాదన ఇదే.

బెజవాడ చదువరి:
ఒప్పుకోలేను అన్నా. జేమ్స్ బాండ్‌ను ఏం చేద్దాం? మొదటి నవల 1953లో వచ్చిన ‘కేసినో రాయల్’. 1962లో సినిమా తీసింది మాత్రం 6వ నవల ‘డాక్టర్ నో’తో. మధ్యలోంచే మొదలైంది, ఇవాళ్టికీ నడుస్తోంది.

అంతెందుకు, మనం మధుబాబు గారి స్పై నవలల హీరో షాడోను వరుసలో చదివామా? అద్దె లైబ్రరీలో ఆ రోజు ఏది దొరికితే దానితోనే మొదలుపెట్టాం. షాడో ఎవరో, కులకర్ణి ఎవరో ఎవరూ పరిచయం చేయలేదు. అయినా అర్ధరాత్రి దాకా చదివాం. మధ్యలో మొదలుపెట్టడం తప్పే కాదు.

తప్పంతా డబ్బు దగ్గరుంది. ‘డాక్టర్ నో’కు అయిన ఖర్చు సుమారు 10 లక్షల డాలర్లు. కథ ఎక్కువగా జమైకాలోనే జరుగుతుంది కాబట్టి అంతలో అయింది. ఓ మోస్తరుగా ఆడినా రెండోది తీయగలిగేవాళ్లు. ‘సహారా’కు ఆ వీలు ఎక్కడుంది?

కృష్ణవేణి:
డబ్బొక్కటే కాదండీ. పిల్లల నవలల సిరీస్ నార్నియా చూడండి. 2005లో మొదటి సినిమాకు 74 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. 2008లో రెండోది దాదాపు 42 కోట్లకు పడిపోయింది, డిస్నీ తప్పుకుంది. 2010లో ఇంకో సంస్థతో మూడోది వచ్చింది, తర్వాత ఆగిపోయింది. మొదటిది పెద్ద హిట్టే కదా, మరి ఏమైంది?

ఆ పుస్తకాల్లో పిల్లలు మారిపోతుంటారు. మూడో సినిమాకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నలుగురిలో ఇద్దరు పక్కకు తప్పుకున్నారు. తర్వాతి కథ ‘సిల్వర్ చైర్’లో ఆ నలుగురిలో ఒక్కరూ ముఖ్యపాత్ర కారు. పుస్తకం చదివే పిల్లకు ఆ లోకం ముఖ్యం, అస్లాన్ అనే సింహం ముఖ్యం. సినిమా వ్యాపారానికి ముఖాలు కావాలి. ఏ ముఖాలను జనానికి అలవాటు చేశారో వాళ్లనే కథ ఇంటికి పంపేస్తే ఫ్రాంచైజీ దేని మీద నిలబడుతుంది?

గోదారిగట్టు:
బెజవాడ గారు చెప్పిన షాడో ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుదాం, అది నాకూ పనికొస్తుంది. దొరికిన పుస్తకంతో మొదలుపెట్టాం, నిజమే. కానీ మర్నాడు అది తిరిగిచ్చి ఇంకోటి తెచ్చుకున్నాం. నెల తిరిగేసరికి షాడో మన ఇంటిమనిషి. బాండ్ కూడా 1962, 63, 64, 65 వరుసగా నాలుగేళ్లూ తెర మీదికొచ్చాడు. హ్యారీ పాటర్ పదేళ్లలో 8 సినిమాలు. నార్నియా మొదటిదానికీ రెండోదానికీ మధ్య రెండున్నరేళ్లు పట్టింది.

మమకారం మాటిమాటికీ కలిస్తే పుడుతుంది. స్టూడియోలేమో ఆ మమకారం ఈసరికే ఉందని లెక్కేసుకుని మొదటి సినిమా మీదే ఆస్తంతా పెట్టేస్తాయి. ఖర్చు అంతకంతకూ పెరిగేకొద్దీ రెండో కలయిక దూరమైపోతుంది. మీ డబ్బు వాదనా, నా పరిచయం వాదనా ఇక్కడ కలుస్తాయి.

సియాటెల్ శ్రీను:
లీ చైల్డ్ నవలల హీరో రీచర్‌ను ఎవరూ ఎత్తలేదేం? ఆ వరుసలో 9వ నవలతో 2012లో టామ్ క్రూజ్ సినిమా వచ్చింది. నాలుగేళ్లకు, 2016లో, 18వ నవలతో ఇంకోటి. అంతే. పుస్తకంలో రీచర్ 6 అడుగుల 5 అంగుళాలు, క్రూజ్ ఎక్కడ సరిపోతాడని పాఠకులు పట్టుబట్టారు. 2022లో ఓటీటీ సిరీస్‌గా తీసినప్పుడు అలాన్ రిచ్‌సన్‌ను పెట్టి, మొదటి నవల ‘కిల్లింగ్ ఫ్లోర్’తో మొదలుపెట్టారు. ఎనిమిది ఎపిసోడ్లు. 2025 నాటికి మూడు సీజన్లు వచ్చాయి.

బెజవాడ చదువరి:
శ్రీను గారూ, రెండో సీజన్ 11వ నవల, మూడోది 7వ నవల. అక్కడా వరుస పాటించలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఎనిమిది గంటల కథలో రీచర్ బస్సు దిగడం, టిఫిన్ చేయడం, ఎదుటివాడి బూట్లు చూసి వాడెవడో పసిగట్టడం వీటన్నిటికీ చోటుంది. రెండు గంటల సినిమాలో ముందు తెగ్గోసేవి అవే. సిరీస్ చదివేవాళ్లు వచ్చేది వాటి కోసమే.

షాడోను ఎవరైనా తీస్తే ఓటీటీకే తీయాలి, తక్కువ ఖర్చుతో, ఏటా ఒక సీజన్. ఏ నవలతో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

గోదారిగట్టు:
నాకుంది. మొదటి నవలతోనే.