‘గెలిచినవాడు ఇంట ఏడ్చె...’ తరవాతి ముక్క ఏమిటి?

గోదారిగట్టు: 1968లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీ (అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోలింగ్) గురించి చదువుతున్నప్పటి నుంచీ ఈ సామెత నోట్లో ఆడుతోంది, సగమే వస్తోంది. ‘గెలిచినవాడు ఇంట ఏడ్చె, ఓడినవాడు...’ వీధినా, సభనా? అక్కడ ప్రెసిడెంట్ జాన్సన్ పేరు బ్యాలెట్ మీదే లేదు. జనం చేత్తో పేరు రాసి వేసిన ఓట్లతోనే 49 శాతం దాటాడు. సొంత పార్టీలోనే ఆయన మీద పోటీకి దిగిన సెనేటర్ యూజీన్ మెకార్తీకి దాదాపు 42. అయినా గెలుపు మెకార్తీదే అన్నట్టు మాట్లాడుకున్నారంతా. మార్చి 12న పోలింగ్. 31న జాన్సన్ టీవీలో ఇక పోటీ చెయ్యనన్నాడు.

పాతబడి: కోర్టండీ. ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడు.’ ప్లీడరు ఫీజులకు పొలం కరిగిపోయిన వాళ్ళ సామెత. ఓట్లకు అతకదు.

గోదారిగట్టు: ‘ఏడ్చాడు’ కాదు, ‘ఏడ్చె’ అనే విన్నాను.

మల్లెపందిరి: రెండూ కాదు, ‘ఏడ్చు’. తద్ధర్మం. ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పాలి కదా సామెత.

పాతబడి: సామెతలకు భూతకాలమే ఇష్టం. ‘దూడగడ్డి కోసమన్నాడట’లో తద్ధర్మం ఎక్కడుంది?

మల్లెపందిరి: అక్కడ ‘అట’ ఉంది, కథ చెబుతోంది. ఇక్కడ కథ లేదు.

పెన్నొడ్డు: కోర్టుల కంటే ముందే ధర్మరాజు ఉన్నాడు. తిక్కనగారి శాంతిపర్వం తియ్యండి. యుద్ధం గెలిచి, కర్ణుడు అన్న అని తెలిసి, రాజ్యం వద్దు అడవికి పోతానంటాడు. తమ్ముళ్ళూ ద్రౌపదీ వ్యాసుడూ కృష్ణుడూ అందరూ నచ్చజెప్పాల్సి వచ్చింది. గెలిచి ఏడ్చినవాడంటే ఆయనే. తిక్కన దగ్గర ఆ దుఃఖం ఎంత చదివినా తీరదు.

గోదారిగట్టు: 1972లో అదే రాష్ట్రంలో సెనేటర్ మస్కీ సంగతో? భార్య మీద రాసిన రాతలకు మాంచెస్టర్‌లో పత్రికాఫీసు ముందు, మంచు కురుస్తుండగా మాట్లాడుతూ గొంతు పూడుకుపోయింది. కన్నీళ్ళని విలేకరులు రాశారు, మంచు కరిగిన తడి అని ఆయన. 46 శాతంతో మెక్‌గవర్న్ (37) మీద గెలిచాడు. పక్కనున్న మెయిన్ రాష్ట్రంవాడికి ఆ మాత్రం చాలదన్నారు. గెలిచినవాడే వీధిలో ఏడ్చాడిక్కడ.

మల్లెపందిరి: 2008లో హిల్లరీ క్లింటన్ పోలింగ్ ముందురోజు పోర్ట్స్‌మత్ కాఫీహోటల్లో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మర్నాడు ఒబామా మీద 39–36తో గెలిచారు; డెలిగేట్లు, అంటే పార్టీ సభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు, మాత్రం చెరి 9. ఒకే రాష్ట్రంలో ఇన్నిసార్లు జరిగితే తద్ధర్మం కాక ఏమిటండీ?

పాతబడి: ‘ఇంట’ సంగతి ఎవరూ పట్టించుకోరేం? అది ‘ఇంటన్’ అయితే ‘ఇంట నేడ్చె’ అనాలి. గోదారిగట్టుగారూ, ఆ నకారం విన్నారా?

పెన్నొడ్డు: మావైపు ‘ఇంట్లో’నే. శాంతిపర్వం పద్యం రాత్రికి పెడతాను.