టైరు అరగలేదు, కానీ పగుళ్లు వచ్చాయి. మార్చాలా?

అందరికీ నమస్కారం. వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల నా బండి ఎక్కువగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉండిపోయింది. 14 వేల కిలోమీటర్లే తిరిగింది. వెనక టైరు గ్రిప్ బాగానే ఉంది, అరుగుదల గుర్తుల దాకా రాలేదు. కానీ పక్కన 2318 అని ఉంది, అంటే 2018లో 23వ వారం తయారీ. గాడుల మధ్య సన్నని పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి.

మొన్న వానలో లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తే వెనక చక్రం సర్రున జారింది. పడలేదు కానీ ఇప్పుడు వాన వస్తే చాలు, టెన్షన్. పంక్చర్ షాపు అన్న "గాలి నిలుస్తోందిగా, ఇంకో ఏడాది లాగించు" అంటాడు. మా బావ వెంటనే మార్చేయమంటాడు (ఆయన అన్నిటికీ అంతే).

పగుళ్లు ఎంత లోతుంటే ప్రమాదం? ముందు టైరుదీ అదే వయసు, పగుళ్లు మాత్రం లేవు. రెండూ మార్చాలా?