నాన్నగారికి 78, పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కి పాకింది: కీమో మొదలుపెట్టాలా?

స్నానం, భోజనం తనే చేసుకుంటారు. పగలు సగానికి పైగా లేచే ఉంటారు, బయటి పనులు మాత్రం చేతకావు (రోగి ఎంత చురుగ్గా ఉన్నారో చెప్పే ఈకాగ్ కొలతలో 2). పిత్తనాళం తెరిచి ఉంచే గొట్టం (స్టెంట్) వేశాక కామెర్ల కొలత బిలిరుబిన్ 1.4కి దిగింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6.

డాక్టరుగారు జెమ్‌సిటబైన్ అనే కీమో మందు ఒక్కటే ఇస్తామంటున్నారు: వారానికోసారి మూడు వారాలు, నాలుగో వారం విరామం. నయం కాదు, కొంతకాలం అదుపేనని దాచకుండా చెప్పారు. రెండు సైకిళ్లయ్యాక స్కాన్ చూసి, ఫలితం లేకపోతే ఆపేద్దామనే షరతుతో మొదలుపెట్టడం సబబేనా? ఈ వయసులో ముందు దెబ్బతీసేది ప్లేట్‌లెట్లు పడిపోవడమా, నీరసమా? జ్వరం 38 డిగ్రీలు దాటితే స్టెంట్ మూసుకుపోయిందా, తెల్లకణాలు తగ్గాయా అని ఇంట్లో తేల్చుకోలేం, నేరుగా ఆసుపత్రికే. అది తెలుసు.

అసలు తొందర నొప్పి గురించే. మార్ఫిన్ 10 మి.గ్రా. నాలుగు గంటలకోసారి, మధ్యలో నొప్పి లేస్తే మరో 10. విరేచనాల మందు మొదటిరోజు నుంచే ఇస్తున్నాం. రెండు రోజులుగా మగత, చేతులు ఉలిక్కిపడుతున్నాయి. కిడ్నీ సరిగా వడకట్టక మందు పేరుకుంటోందట, చర్మానికి అంటించే నొప్పిమందు ఫెంటనిల్ ప్యాచ్‌కి మారుస్తామన్నారు. ప్యాచ్ పనిచేయడం మొదలవడానికి 12 గంటలైనా పడుతుంది కదా, ఆలోపు నొప్పిని ఎలా కాచుకోవాలి? డాక్టరుగారిని ఏమేం అడగాలి?

ఇంకోటి. ఆయనకి జబ్బు పేరు చెప్పొద్దని అమ్మ పట్టు. కీమో కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఎలా మొదలుపెట్టాలి ఆ మాట?