అమ్మకి 2009లోనే ఇందిరమ్మ ఇల్లు ఇచ్చేసినట్టు రికార్డులో ఉండాది, ఇప్పుడు కొత్త ఇల్లు వస్తాదా?

నిమ్మతోట అబ్బాయి:
అన్నలూ అక్కలూ, కొంచెం దారి చెప్పండి. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన పల్లె. నాయన లేడు, అమ్మ నిమ్మతోటల్లో కాయ కోతకి పోతాది, నేను చెన్నైలో డెలివరీ పని చేస్తా ఉండా. తాత కాలం నాటి మట్టి గోడల ఇల్లు, పైన రేకులు, కార్తీకం వానలకి పడమటి గోడ సగం కూలిపోయింది, అప్పట్నించి అమ్మ పట్ట కట్టుకోని దాని చాటున పడుకుంటా ఉండాది. ఇంటికి అప్లై చేద్దామని సచివాలయానికి పోతే రేషన్ కార్డు నెంబరు కొట్టి చూసి, మీ అమ్మకి 2009లోనే ఇందిరమ్మ ఇల్లు శాంక్షన్ అయింది, బిల్లు కూడా పడింది, ఇంక మీకు రాదు అన్నారు. మాకు రూపాయి రాలా, బస్తా సిమెంటు కూడా కళ్ళ చూళ్ళా. అప్పుడు ఊళ్ళో ఒకాయన కార్డు జిరాక్సులు తీసుకోని నాయన చేత వేలిముద్ర ఏయించుకోని పోయినాడంట, ఆ మనిషి కూడా ఇప్పుడు లేడు.
స్థలం మూడు సెంట్లు, మన లెక్కలో 18 అంకణాలు. గ్రామకంఠం, అంటే పాతకాలం నించి ఊరి ఇళ్ళు ఉండే జాగా, కాయితం ఏమీ లేదు, తాత పేరు మీద ఇంటి పన్ను రసీదులు మాత్రం ఉండాయి. ఇంకొకాయన 20 వేలిస్తే లిస్టులో పేరు ఎక్కిస్తానంటా ఉండాడు. అమ్మేమో గొలుసు కుదవ పెట్టి పునాది తోడేద్దాం, బిల్లు తర్వాత వస్తాదిలే అంటాది. మేం బీసీలం, 50 వేలు ఎక్కువ ఇస్తారని కూడా ఊళ్ళో అనుకుంటా ఉండారు, నిజమేనా?

కావలి పొదుపు అక్క:
తమ్ముడూ, ముందు ఆ 20 వేలు ఎవరికీ ఇయ్యబాక. ఊళ్ళో ఒకాయన కాయితాలు తీసుకోని పోబట్టే గదా మీకు ఈ గతి పట్టింది, మళ్ళీ అదే తప్పు చెయ్యొద్దు.
మా ఆడబిడ్డకి అచ్చం ఇదే జరిగింది. మేం ఏం చేసినామంటే, మండలం హౌసింగ్ ఆఫీసులో నోటిమాటగా అడగడం మానేసి అర్జీ రాసిచ్చినాం, ఫలానా పేరు మీద ఎప్పుడు శాంక్షన్ అయింది, ఏ స్టేజీకి ఎంత బిల్లు, ఏ ఖాతాలో పడింది, వివరం కావాల అని. పలకలేదు. సమాచార హక్కు కింద పెట్టినాం, దానికి 30 రోజుల్లో జవాబు చెప్పాల. వచ్చిన కాయితం చూస్తే ఆ ఖాతా మా ఆడబిడ్డది కానే కాదు. అది పట్టుకోని సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు చూడు, అక్కడికి పోయినాం. కూలిన ఇంటి ఫోటోలు, చుట్టుపక్కల ఐదారుగురి సంతకాలు కూడా పెట్టినాం. తర్వాత హౌసింగ్ ఏఈ, అదే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చి స్థలం చూసి ఇక్కడ ఇల్లు కట్టిన ఆనవాలు లేదని రాసుకోని పోయినాడు. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది, తిరిగీ తిరిగీ చెప్పులరిగినాయి, కానీ ఆ పాత రికార్డులోంచి పేరు మాత్రం తీసేసినారు. మీ అమ్మని ఒక్కదాన్నే పంపబాక, నువ్వు లీవు పెట్టుకోని రా, ఆఫీసుల్లో ఆడమనిషి ఒక్కతే పోతే రేపు రా ఎల్లుండి రా అంటారు.

కనిగిరి బేల్దారి:
నేను పాతికేళ్ళ నించి ఇళ్ళు కడతన్నా, కాలనీ ఇళ్ళు కూడా చాలా కట్టా. అమ్మకి గట్టిగా చెప్పు, శాంక్షన్ రాకముందు పునాది తియ్యొద్దు. ముందు ఖాళీ స్థలం ఫోటో కొట్టి జియో ట్యాగ్ చేస్తారు, అంటే ఆ చోటు ఎక్కడుందో ఫోటోతో పాటు ఫోన్లో ఎక్కిస్తారు, ఆ తర్వాత చేసిన పనికే లెక్క, నువ్వు ముందే బేస్‌మెంట్ లేపేసి కూర్చుంటే ఆ బిల్లుకి ఎవురు పూచీ. ఇంకోటి, డబ్బు ముందు రాదు అబ్బయ్యా. బేస్‌మెంట్ అయితే ఒక బిల్లు, రూఫ్ లెవెల్‌కి ఒకటి, శ్లాబ్ పడ్డాక ఒకటి, మొత్తం పూర్తయ్యాక ఆఖరుది. అంటే ప్రతిసారీ మన చేతి డబ్బు ముందు పెట్టాల, అందుకే మొదటి స్టేజీకి సరిపడా చేతిలో ఉంటేనే దిగాల.
నేను చూసిన వాటిల్లో ఆగిపోయిన ఇళ్ళు ఎక్కువ శాతం బేస్‌మెంట్ దగ్గరే ఆగినయ్. ఎందుకంటే స్థలం ఉంది గదా అని మూడు గదులకి పునాది ఏపిస్తారు, ఉన్న డబ్బంతా మట్టిలోకే పోయిద్ది, ఆ పైన మూడు రూపాయల వడ్డీకి తెస్తారు, గోడలు లేచేసరికి వడ్డీ అసలైద్ది. మీకు 18 అంకణాలుందని అంతా కట్టొద్దు. పల్లెల్లో గవర్నమెంటు అడిగేది వంటిల్లుతో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే 269 అడుగులు, మీ లెక్కలో నాలుగు అంకణాలు కూడా లేదు. ఒక గది, వంటిల్లు, బాత్రూం, పైన శ్లాబ్, ముందు అది కట్టి అమ్మని లోపల పండుకోబెట్టు, మిగతాది నీ పెళ్ళప్పుడు చూసుకుందువు. ఇసక ఉచితమే గానీ లోడింగు, ట్రాక్టరు బాడుగ మనదే, అది కూడా లెక్కేసుకో. పాత ఇల్లు వానల ముందు పడగొట్టొద్దు, మన వైపు వానలన్నీ దసరా తర్వాతే గదా.

సచివాలయం ఇంజనీరు:
50 వేల గురించి చెప్తాను. 2025 మార్చిలో ఇచ్చింది అది, ముందే శాంక్షన్ అయ్యి మధ్యలో ఆగిపోయిన ఇళ్ళు పూర్తి చేసుకోడానికి. ఎస్సీ బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు, చెంచుల లాంటి వాళ్ళకి లక్ష. కొత్తగా అప్లై చేసేవాళ్ళకి కాదు, దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు.
మీ ఊరు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉందా లేదా ముందు కనుక్కోండి, దాన్ని బట్టి స్కీము మారుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0 అయితే కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష, మొత్తం రెండున్నర. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్ళలో ఏ స్కీములోనూ ఇల్లు తీసుకుని ఉండకూడదు. 2009 ఎంట్రీ మీకు తగిలేది ఇక్కడే, అందుకని అక్క చెప్పింది మొదట చెయ్యండి. అదే ఆవాస్ యోజన గ్రామీణ్ (పల్లెల స్కీము) అయితే కేంద్రం గైడ్‌లైన్ ప్రకారం లక్షా ఇరవై వేలు, అది కాక 90 రోజుల ఉపాధి కూలి, మరుగుదొడ్డికి 12 వేలు.
గ్రామకంఠం గురించి భయపడక్కర్లేదు, ఆ రసీదులతో తహసీల్దార్ ఆఫీసులో అమ్మ పేరు మీద పొజిషన్ సర్టిఫికెట్‌కి (స్థలం మీ స్వాధీనంలో ఉందని ఇచ్చే కాగితం) పెట్టండి. తాత పిల్లలు ఇంకెవరైనా ఉంటే మాకు అభ్యంతరం లేదని వాళ్ళ దగ్గర ఇప్పుడే రాయించుకోండి, ఇల్లు లేచాక వచ్చే పేచీలు నేను చాలా చూశాను. అమ్మ బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు ఉందో లేదో కూడా ఈ వారమే చూపించండి.

నిమ్మతోట అబ్బాయి:
అందరికీ దండాలు. నాలుగు రోజులు లీవు పెట్టి వచ్చినా. హౌసింగ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రెండో కాపీ మీద సీలు ఏయించుకున్నా, సోమవారం అమ్మని తీసుకోని నెల్లూరు పోతా ఉండా. గొలుసు మాత్రం పెట్టనీలేదు, దానికి అమ్మ రెండు రోజులు మాట్లాడలా. బాబాయి వాళ్ళు గూడూరులో ఉండారు, సంతకం పెడతామన్నారు. అక్కా, చుట్టుపక్కల వాళ్ళ సంతకాలు తెల్లకాయితం మీద చాలా, స్టాంపు పేపరు కావాల్నా?

కావలి పొదుపు అక్క:
మేం తెల్లకాయితం మీదే రాసినాం, తీసుకున్నారు. సంతకం పెట్టిన వాళ్ళ ఆధార్ జిరాక్సులు మాత్రం ఎనకాల పిన్ను కొట్టు. అర్జీ ఇచ్చినాక నెంబరు ఏసిన రసీదు ఇస్తారు, అది తీసుకోకుండా అక్కణ్ణించి కదలబాక.