సానుభూతి ఓటు ఒకసారి పనిచేసి, ఇంకోసారి ఎందుకు పనిచేయదు?

మాది ప్రొద్దుటూరు. డిగ్రీ ప్రాజెక్టుకు ఓటర్ల భావోద్వేగాల మీద రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను. 1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే, మన రాష్ట్రంలో మాత్రం తెలుగుదేశం 30 లోక్‌సభ సీట్లు గెలిచింది. అదే 2009లో వై.ఎస్. చనిపోయాక, 2011 కడప ఉప ఎన్నికలో జగన్‌కు 5 లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. మా అవ్వనడిగితే "ఇంట్లో మనిషి పోయినట్టుండె, ఇంగ లెక్కలేముంటాయి రా" అంటుంది. ఈ మాటను ప్రాజెక్టులో ఎలా పెట్టాలో!

1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించారన్న కోపం ఆ దుఃఖాన్ని మించిందా? లేక రెండు రూపాయల బియ్యమా? అప్పుడు ఓటేసిన పెద్దవాళ్లు మీ మనసులో ఏముండేదో చెప్తారా? పార్టీల గొడవ మాత్రం వద్దండి.